ముందే తెలిసిన జవాబులు

నవంబర్ 10, సోమవారం

అన్నా, నేను ఫుకట్ గడ్డాన్ని కాదు.

నిన్న నువ్వు ఆ మాట అన్నప్పుడు నా నోట్లో ఇడ్లీ ఉంది. అందుకే ఊరుకున్నాను. మింగేసరికి నువ్వు పాల క్యాన్లు కడగడానికి వెళ్లిపోయావు. ఇప్పుడు జవాబు రాస్తున్నాను. నువ్వు ఇది చదవవు. అది ఇంకా మంచిది, మధ్యలో అడ్డం రావు.

నువ్వన్నది ఇది. "సెలూన్ల కొత్తగ పని నేర్చుకునేటోడు ఫుకట్ల గడ్డం గీకుతడు. నువ్వు పొద్దుగాల్నే పోయి వానికి చెంపలిచ్చొస్తున్నవ్. తెగితే నీకు, నేర్చుకుంటే వానికి."

వదిన నవ్వింది. నేను కూడా నవ్వేవాడినే, ఇడ్లీ లేకపోతే.

సరే, విను. సంతోష్‌నగర్‌లో మెడికల్ షాపు పైన ఉన్న సెంటర్‌లో ఇంగ్లీషు టీచర్లకు ట్రైనింగ్ ఇస్తారు. మన చుట్టుపక్కల చిన్న ప్రైవేటు స్కూళ్లలో చెప్పేవాళ్లు వస్తారు. ఇంట్లో తెలుగో ఉర్దూనో తప్ప ఇంగ్లీషు చెవిన పడని పిల్లలకు ఇంగ్లీషు ఎలా చెప్పాలో అక్కడ నేర్చుకుంటారు. చెప్పడం నేర్చుకోవాలంటే ఎదురుగా రానివాళ్లు కూర్చోవాలి కదా. ఆ రానివాళ్లం మేం. పొద్దున ఏడింటికి క్లాసు. అయ్యాక టీచర్లు వాళ్ల స్కూళ్లకు, మేం మా పనులకు. ఫీజు లేదు. పైగా చాయ్, ఉస్మానియా బిస్కెట్. నేను పోయేది బిస్కెట్ కోసమే. ఇంగ్లీషుతో నాకేం పని, బర్రెలతో మాట్లాడాలా?

ఇంకో సంగతి. ఆ రానివాళ్లను పోగు చేసింది ఎవరు? నేను. యశోద మేడం ఇల్లు నా పాల లైన్లోనే, లాల్‌దర్వాజా గుడి వెనక గల్లీలో. ఒకరోజు పాలు పోయించుకుంటూ, ఇంగ్లీషు రాని పెద్దవాళ్లు కొందరు దొరుకుతారా అంజన్ అని అడిగింది. దొరకడమేంటి, మన గల్లీలో దొరకనిది ఇంగ్లీషు వచ్చినవాళ్లు. రెండు రోజుల్లో తెచ్చాను. ఆటో నడిపే సాయిలన్నను తెచ్చాను, ఎయిర్‌పోర్టు సవారీలు కావాలట. లాడ్ బజార్‌కు లక్క గాజులు చేసిచ్చే షౌకత్ బీ ఖాలాను తెచ్చాను, మనవరాలి స్కూలు మీటింగులో నోరు విప్పాలట. ఇంకో నలుగురిని తెచ్చాను. ఫుకట్ గడ్డం అంటే ఒక్క గడ్డం అన్నా. నేను హోల్‌సేల్. అందులో ఖాలాకైతే గడ్డమే లేదు.

అసలు మజా నీకు చెప్పనే లేదు. అక్కడ టీచర్లకు తిట్లు పడతాయి. కైలాసం సార్ అని, సార్లకు సార్ ఆయన, వెనక మూలకు కూర్చుని అంతా చూస్తాడు. క్లాసయ్యాక, నువ్వు మాట్లాడింది ఎక్కువ, వాళ్లతో మాట్లాడించింది తక్కువ అంటాడు. మేడం తల ఊపుతూ రాసుకుంటుంది. టీచరు తిట్టు రాసుకోవడం నా కళ్లతో చూశాను. తొమ్మిదిలో బడి మానేసినప్పుడు ఈ సంగతి తెలిసి ఉంటే ఇంకో ఏడాది ఉండేవాడిని, ఇది చూడటానికైనా.

మేడం ప్రశ్న అడిగి ఆగుతుంది. ఊరికే ఆగుతుంది. నాకు జవాబు వచ్చేదాకా మొహం మీద నవ్వు పెట్టుకుని నిలబడుతుంది. స్కూల్లో నా కోసం ఎవరూ ఆగలేదు, పక్కవాడిని లేపేవాళ్లు. కానీ అందుకోసం పోతున్నానని కాదు. బిస్కెట్ కోసమే.


నవంబర్ 11, మంగళవారం

ఈరోజు ఖాలా ఇంగ్లీషులో "ఎందుకు" అని అడిగింది. మనిషిని కాదు, చాయ్ కప్పును. చల్లారిపోయిందట.


నవంబర్ 12, బుధవారం

పెద్ద ఖబర్. ఎల్లుండి శుక్రవారం మేడంకు ఆఖరి పరీక్ష. పరీక్ష అంటే పేపరు రాయడం కాదు, మాకు పాఠం చెప్పడమే. కైలాసం సార్ చూసి పాసో ఫెయిలో రాస్తాడు. పాసైతే సర్టిఫికెట్. స్కూలు వాళ్లు డిసెంబర్‌లోపు సర్టిఫికెట్ తెస్తే పెద్ద క్లాసుల ఇంగ్లీషు నీదే, లేకపోతే నర్సరీకి పో అన్నారట. ఇది మేడం చెప్పలేదు, వాళ్లత్త కాశమ్మ, నేను పాలు పోసేటప్పుడు చెప్పింది. కాశమ్మ దగ్గర ఏదీ ఆగదు.

మేడం మాతో అన్నది ఒక్కటే, మామూలుగా రండి, మామూలుగా కూర్చోండి, నా కోసం ఏం చెయ్యొద్దు అని. ఆ మాట చెప్తుంటే చేతిలో చాక్‌పీస్ రెండు ముక్కలైంది.

మామూలుగా అట. ఇన్‌స్పెక్షన్ రోజు ఎవరైనా మామూలుగా ఉంటారా? మా స్కూల్లో ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే వారం ముందు నుంచే ప్రశ్నలు పంచేవాళ్లు. ఈ ప్రశ్న వీడిది, ఆ ప్రశ్న వాడిది. ఇన్‌స్పెక్టరు చెయ్యి చూపించేది ఎవరి వైపైనా సరే, లేచేది ఆ ప్రశ్నకు సొంతదారే. నా వాటాకు ప్రశ్న రాలేదు, బోర్డు తుడిచే పని వచ్చింది. బాగానే తుడిచాను. ఇన్‌స్పెక్టరు ఖుషీగా పోయాడు, సార్లు ఖుషీ, మాకు బూందీ లడ్డూ. సాయిలన్న స్కూల్లోనూ అంతేనట. ఖాలా చదివిన ఉర్దూ బడిలోనూ అంతేనట. మేడం పాపం మొహమాటపడి అడగలేకపోతోంది. అడగకపోతే చెయ్యమా?

సాయంత్రం సెంటర్ పక్కన చాయ్ హోటల్లో పాలు వేసి, సెంటర్ కిందే ఉన్న జీషాన్ జిరాక్స్ షాపుకు పోయాను. మేడం శుక్రవారం కాగితాలు అక్కడ కాపీలకు ఇచ్చిపోయింది. మిషన్ మీదే ఉన్నాయి. ఇంకో సెట్టు తియ్యి భాయ్ అన్నాను. మేడం కాగితాలు నేనెలా ఇస్తానని జీషాన్ మూతి తిప్పాడు. ఇన్‌స్పెక్షన్ అని చెప్పాను. ఇంకో ప్రశ్న అడగలేదు. వాడూ ఇక్కడే చదివాడు కదా. బటన్ నొక్కాడు.

దేవుడున్నాడు. అందులో మేడం ప్లాన్ కాగితం కూడా ఉంది. మేడం ఏం అడుగుతుంది, మేం ఏం చెప్పే అవకాశం ఉంది, వరసగా, నీట్‌గా. ప్రశ్నలు, పక్కనే జవాబులు. ఇంతకన్నా ఏం కావాలి?


నవంబర్ 13, గురువారం

మధ్యాహ్నం ఖాలా ఇంట్లో అందరం కూర్చున్నాం. పాఠం ఏంటంటే, చెడిపోయిన సామాను షాపుకు వాపసు తీసుకుపోయి మాట్లాడటం. ఒకరు గిరాకీ, ఒకరు షాపువాడు. ఖాలా ఒక చేత్తో కుంపటి మీద లక్క మెత్తబరుస్తూ ఇంకో చేత్తో ఇంగ్లీషు మాటలు ఉర్దూలో రాసుకుంది. సాయిలన్న తెలుగులో రాసుకున్నాడు, ఆటో అద్దం పక్కన అతికించుకుంటాడట. నేను రాసుకోలేదు, నాకు నోటికే వచ్చేసింది. నా బుర్రలో ఇంత జాగా ఉందని నాకే తెలియదు.

సాయిలన్నకు ఒక్కటే అనుమానం.

"మేడంకు చెప్పాల్నా తమ్మీ?"

"చెప్తే వద్దంటది అన్నా. చెప్పకుంటె సర్‌ప్రైజ్."

"హౌ బేటా," అని తలూపింది ఖాలా. "బిడ్డ ఖుష్ అయితది."

పాలు పోసేటప్పుడు ప్రతి ఇంటి ముందూ ఒక ముక్క అనుకుంటూ పోయాను. రసీదు నా దగ్గర ఉంది. ఫ్యాను తిరగట్లేదు. దయచేసి పైసలు వాపసు ఇవ్వండి. ఒకావిడ నేను పాల పైసలే ఇంగ్లీషులో అడుగుతున్నాననుకుని లోపలికి పోయి తెచ్చిచ్చింది.


నవంబర్ 14, శుక్రవారం

అదిరిపోయింది. చెయ్యి ఆగట్లేదు రాయడానికి.

స్కూల్లో బాలల దినోత్సవం కూడా ఉంది కాబట్టి మేడం కొత్త చీర కట్టుకొచ్చింది. నెమలికంఠం రంగు. కైలాసం సార్ మూలకు కుర్చీ వేసుకుని, అట్ట మీద కాగితం పెట్టుకుని కూర్చున్నాడు. మేడం బోర్డు మీద ఫ్యాను గీసింది, రెక్కలు కొంచెం వంకర. ఇదేంటి అని ఇంగ్లీషులో అడిగింది. అంతే. సాయిలన్న లేచి, ఈ ఫ్యాను నిన్ననే కొన్నాను, తిరగట్లేదు, రసీదు ఉంది, పైసలు వాపసు ఇవ్వండి అని ఇంగ్లీషులో ఒక్క ఊపిరిలో చెప్పేసి కూర్చున్నాడు.

మేడం చెయ్యి బోర్డు మీదే ఆగిపోయింది. అంత ఆశ్చర్యపోయింది.

తర్వాత ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి కాగితాలిచ్చింది. నా కాగితంలో గిరాకీ సంగతి, ఖాలా కాగితంలో షాపు సంగతి. ఒకరిది ఒకరు చూడొద్దు, అడిగి తెలుసుకోవాలి. చూసే పనేముంది, రెండూ నోటికొచ్చు. నేను నోరు తెరవకముందే ఖాలా, రసీదు చూశాను, పైసలు వాపసు ఇవ్వం, బాగు చేసిస్తాం, బుధవారం రండి అని చెప్పేసింది. నేను వెనక నుంచి ప్రశ్న అందుకున్నాను. ప్రశ్న జవాబు వెంబడి ఉరికింది. అయినా పట్టుకుంది.

మధ్యలో మేడం కాగితంలో లేనిది ఒకటి అడిగింది, రసీదు పోతే ఏం చేస్తారని. అది మా పోర్షన్‌లో లేదు. సాయిలన్న మాత్రం తగ్గలేదు. ఫ్యాను నిన్ననే కొన్నానని మళ్లీ చెప్పాడు.

గంట పాఠం పావుగంటకే ఖతం. ఏ స్కూల్లోనైనా ఇంత స్పీడు చూశారా? ఇంకా చెప్పేదేం లేక మేడం మా పేర్లు అడిగింది. పేర్లు కూడా బాగా చెప్పాం.

ఆఖరున మేడం కళ్లు తుడుచుకుంది. సంతోషంతోనే. ఇంకెందుకు తుడుచుకుంటుంది? కైలాసం సార్ రెండు వైపులా రాశాడు. మంచి మార్కులు వేయాలంటే రాయాల్సింది ఎక్కువే ఉంటుంది.


నవంబర్ 15, శనివారం

మేడం మాతో ఏం మాట్లాడకుండానే స్కూలుకు పోయింది నిన్న. ఫంక్షన్ కదా.


నవంబర్ 16, ఆదివారం

అన్నకు మొత్తం చెప్పాను. వదినకు కూడా. మిషన్‌లా చెప్పామని చెప్పాను. అన్న ఏం అనలేదు. ఓడిపోతే మా అన్న ఏం అనడు.


నవంబర్ 17, సోమవారం

క్లాసుకు మేడం రాలేదు. వేరే టీచర్ చెప్పింది. పాసైనవాళ్లు ఎందుకు వస్తారు మరి. పొద్దున పాలకు కూడా కాశమ్మే గిన్నె తెచ్చింది. కోడలు పడుకుందని చెప్పింది. పొద్దున ఆరింటికి మేడం పడుకుని ఉండటం నేనెప్పుడూ చూడలేదు. పరీక్ష అయిపోయింది కదా, హాయిగా పడుకుని ఉంటుంది.

కాశమ్మ ఇంకేదో చెప్పబోయింది. తొందరలో ఉన్నానని వచ్చేశాను.


నవంబర్ 18, మంగళవారం

మేడమే గిన్నె తెచ్చింది. మొహం వాచి ఉంది. గిన్నె ముందుకు పెట్టకుండా అడిగింది.

"అంజన్, శుక్రారం నాడు మీకు ఆ జవాబులు ఎవలిచ్చిండ్రు?"

నేను క్యాన్ మూత తీస్తూ ఉన్నాను. అది గట్టిగా పట్టేసింది. మూత తీసేసరికి మిగతాది తనే చెప్పింది. సార్ ఫెయిల్ రాశాడు. ఆ గదిలో ఎవరూ కొత్తగా ఏమీ నేర్చుకోలేదు, అన్నీ ముందే వచ్చు అని రాశాడు. పాఠం కాగితాలు మేడమే మాకు ముందే ఇచ్చి బట్టీ పట్టించిందేమో అని సార్‌కు అనుమానం. నోటితో అనలేదట. మీ స్కూల్లో ఇలాగే చేస్తారా అని మాత్రం అడిగాడట. సోమవారం అందరి ముందూ మళ్లీ అడుగుతాడేమో అని నిన్న రాలేదట.

నేనప్పుడు చెప్పాలి.

నేనన్నది ఇది: "రేపు అర లీటర్ ఎక్కువ పొయ్యాల్నా మేడం?"

తను గిన్నె పెట్టింది. పోశాను. కొంచెం కిందికి పోయింది.

తప్పంతా ఆ సార్‌దే. జవాబులు చెప్తే ఫెయిల్ చేసే పరీక్ష లోకంలో ఎక్కడుంది? చెప్పకపోతే ఫెయిల్, చెప్తే ఫెయిల్. బిస్కెట్లు కూడా ఈ మధ్య మెత్తగా ఉంటున్నాయి. రేపటి నుంచి పోను.


అదే రోజు, సాయంత్రం

పోతాను. మేడం కోసం కాదు. సార్‌ను కడిగేయడానికి.


నవంబర్ 19, బుధవారం

సార్‌తో మాట్లాడాలంటే ఇంగ్లీషులోనే అని నిర్ణయించుకున్నాను. పోయి జీషాన్‌తో ఫోన్‌లో రాయించి, పాల బండి మీద పోతూ నోటికి పట్టించాను. గౌరవనీయులైన సార్, జరిగిన దానికి నేను మాత్రమే బాధ్యుడిని, మేడం నిర్దోషి. ఇలా పది ముక్కలు. కడిగేయడం అనుకున్నది రాసేసరికి ఇలా తయారైంది, జీషాన్ ఫోనే అంత మర్యాదగా రాస్తుంది.

క్లాసయ్యాక సార్ ఒక్కడే చాయ్ తాగుతున్నాడు. ఎదురుగా నిలబడి మొదలుపెట్టాను. మూడో ముక్క దగ్గర చెయ్యెత్తాడు. సార్ తెలుగు మాట్లాడగా వినడం అదే మొదలు. మా తెలుగే.

"గిది గూడ బట్టీ పట్టినవా?"

"పట్టిన సార్."

"బంద్ చెయ్. ఉన్నది ఉన్నట్టు చెప్పు."

నాకొచ్చిన ఇంగ్లీషులో మొదలుపెట్టాను. రానిచోట ఆగాను. సార్ అందించలేదు, చాయ్ కూడా తాగలేదు, ఊరికే చూశాడు. చెప్పాను. కాగితాలు నేను తెచ్చాను, మేడంకు తెలియదు, ఖాలా ఇల్లు, లక్క, సాయిలన్న ఆటో అద్దం, అన్నీ. తెలుగు కలిసింది, ఉర్దూ కూడా కలిసింది. జీషాన్ పేరు చెప్పలేదు. సార్ అడగలేదు, కింద ఉన్నది ఒక్కటే జిరాక్స్ షాపు.

ఎందుకు చేశావని అడిగాడు. ఇన్‌స్పెక్షన్ కదా సార్ అన్నాను.

సార్ నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయన పాతికేళ్లు సర్కారు బడిలో పనిచేశాడట, ఇన్‌స్పెక్షన్‌కు ఆయనా ప్రశ్నలు పంచాడట. నవ్వు ఆగాక చెప్పాడు.

"ఇన్‌స్పెక్షన్‌ల మీకు ఏమొస్తదో చూస్తరు. నేను చూసేది అది కాదు. మీకు రానికాడ ఆమె ఏం చేస్తదో చూడాలె. మీరు నాకు చూసేతందుకు ఏం మిగల్చలే."

అది నా బుర్రలోకి దిగడానికి మెట్లన్నీ దిగాల్సి వచ్చింది. కింద మెడికల్ షాపు ముందు నిలబడ్డాక దిగింది. మళ్లీ పైకి పోయి అడిగాను, మేడంకు ఇంకో ఛాన్సు ఇస్తారా అని. ఎల్లుండి శుక్రవారం కొత్త పాఠం చెప్పమంటానన్నాడు. కాగితం ఒక్కటి కూడా గది దాటొద్దు. అది కూడా పోతే ఇక అంతే, కొత్త బ్యాచ్‌లో మళ్లీ మొదటి నుంచి, అది అయ్యేది వచ్చే ఏడాదే.

డిసెంబర్ ఎక్కడ, వచ్చే ఏడాది ఎక్కడ.


నవంబర్ 20, గురువారం

మేడంకు సార్ ఫోన్ చేసి చెప్పాడట. పొద్దున నేను పోయేసరికి గిన్నె పట్టుకుని గడప మీదే ఉంది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది.

"నా కోసమే చేసినవ్, నాకెరుకే. జర నన్ను అడిగి చేస్తే ఏమైతుండె? నాకు రాక ఫెయిలైతే ఆ ఫెయిల్ నాదైతుండె. గిది నాది గూడ కాదు."

తను ఆగింది. క్లాసులో ఆగినట్టు కాదు, మొహం మీద నవ్వు లేదు. అయినా ఆగింది. సారీ అన్నాను. తెలుగులో ఆ మాటకు ఇంకో మాట నాకు రాలేదు.

రేపు రా, ఏం చదువుకుని రాకు, అని లోపలికి పోయింది.

మధ్యాహ్నం ఖాలాకు, సాయిలన్నకు విషయం చెప్పాను. ఖాలా ముక్కు మీద వేలేసుకుంది. పరీక్షకు ఏం తయారు కాకుండా పోవడమంటే, పెళ్లికి పాత చెప్పులతో పోవడమట. పాఠం ఏమై ఉంటుందో ఊహించి కొంచెమైనా చదువుదాం అంది. సాయిలన్న అప్పటికే ఊహించాడు, ఆసుపత్రి అట, జ్వరం మాటలు మూడు పట్టేశాడు. ఇద్దరికీ దండం పెట్టాను. మర్చిపోండి అన్నాను. నేర్పించడానికి ఒక మధ్యాహ్నం పట్టింది, మర్చిపోమని ఒప్పించడానికి రెండు రౌండ్ల చాయ్ పట్టింది. వస్తుంటే సాయిలన్న ఆటోలోంచి ఒక దగ్గు వినిపించింది, ఇంగ్లీషు దగ్గులాగే ఉంది.

నాకు ఏం రాదు. రేపేం అడుగుతుందో తెలియదు. భయం అనాలి కదా, కానీ పొద్దుటి నుంచి ఊరికే నవ్వొస్తోంది. వదిన నుదురు పట్టి చూసింది.


నవంబర్ 21, శుక్రవారం

సెంటర్ మెట్ల మీద కూర్చుని రాస్తున్నాను. లోపల సార్, మేడం మాట్లాడుకుంటున్నారు. తలుపు మూసి ఉంది. ఖాలా పై మెట్టు మీద తస్బీ పూసలు తిప్పుతోంది. సాయిలన్న కింద ఆటో తుడుస్తున్నాడు, తుడిచిందే తుడుస్తున్నాడు.

పాఠం ఏంటంటే, ఎవరైనా పిలిస్తే రాలేనని మర్యాదగా చెప్పడం.

మేడం మామూలు చీరలోనే వచ్చింది. ముందు తనే పిలిచింది, ఆదివారం మా ఇంటికి భోజనానికి రండి అని ఇంగ్లీషులో. ఖాలా రాను అనాలి. ఖాలా వస్తానంది. లేదు, మీకు ఆ రోజు వీలు కాదు అని మేడం సైగలు చేసి చెప్పింది. వీలు చేసుకుంటానంది ఖాలా. మేడం సాయిలన్నను పిలిచింది. సాయిలన్న ఎంతమందిని తీసుకురావచ్చని అడిగాడు. మిగతా నలుగురూ వస్తామన్నారు. సార్ పెన్ను మూత తీశాడు.

పాఠమే అందరూ కాదనాలని. ఈ గదిలో కాదనేవాడు ఒక్కడూ లేడు. ముందే చదువుకుని వచ్చి ఉంటే ఎంత బాగా కాదనేవాళ్లం.

మేడం చేతిలో కాగితాలున్నాయి, జంటలకు పంచాల్సినవి. వాటి వైపు చూసింది. వాటిని తీసి బల్ల మీద బోర్లించింది. కుర్చీ లాక్కుని ఖాలా ఎదురుగా కూర్చుంది. లాడ్ బజార్‌లో రోజూ ఇన్ని దావత్‌లకు పిలుస్తారు కదా, అన్నిటికీ పోతారా అని మెల్లగా, చిన్న చిన్న మాటల్లో అడిగింది. ఖాలా పోను అంది. మరి ఏం చెప్తారు? ఖాలా వెతుక్కుంది, చేతులు తిప్పింది, పైకప్పు చూసింది. సాయిలన్న అందించబోతే మేడం చేత్తో ఆపింది. ఆఖరుకు ఖాలా ఇంగ్లీషులో అంది, నేను అవును చెప్తాను, నేను పోను.

గదంతా నవ్వింది. సార్ కూడా. కానీ మేడం అది పట్టుకుంది. బోర్డు మీద ఖాలా మాటే రాసింది. అవును చెప్పి పోకపోతే పిలిచినామె ఏం చేస్తుంది? అన్నం పెట్టుకుని కూర్చుంటుంది అన్నాడు సాయిలన్న. ఆమెకు ఎలా ఉంటుంది? అక్కడి నుంచి మొదలైంది. పిలిచినామె మనసు నొప్పించకూడదు, అన్నం పారేయకూడదు, రెండూ కావాలంటే ఏం చెప్పాలి? ముందు మనసులో ఉన్న అవును చెప్పండి, తర్వాత కానీ అనండి, తర్వాత కారణం. మేం ఒక్కో మాట వెతికి ఇచ్చాం, తను ఒక్కో మాట అతికించింది. ఖాలా మూడుసార్లు తప్పు చెప్పింది. నాలుగోసారి నేను రావాలనుకుంటున్నాను కానీ మనవరాలు నా కోసం చూస్తుంది అంది, మొత్తం ఇంగ్లీషులో. చెప్పి నోరు కొంగుతో మూసుకుంది.

నా వంతు వచ్చింది. సాయిలన్న నన్ను తన కొడుకు పుట్టినరోజుకు పిలిచాడు. రావాలని ఉంది అన్నాను. కానీ అన్నాను. అక్కడ ఇరుక్కున్నాను. కారణం మనసులో ఉంది, తెలుగులో ఉంది, ఇంగ్లీషు వైపు రావట్లేదు. సార్ చూస్తున్నాడు. గడియారం చూస్తోంది. మేడం ఆగింది. తన ఉద్యోగం నా నోట్లో ఇరుక్కుని ఉంది, అయినా మొహం మీద నవ్వుతో ఆగింది. ఎంతసేపో తెలియదు. నేనన్నాను, సాయంత్రం పాలు నన్ను వదలవు.

ఇంగ్లీషులో అలా అనరట. మేడం దిద్దింది, నాతోనే దిద్దించింది. కానీ సార్ పెన్ను అప్పుడు చాలాసేపు నడిచింది.

ఫెయిల్ రాయడానికి కూడా పెన్ను నడుస్తుంది. ఆ సంగతి ఇప్పుడు తెలుసు కాబట్టి ఏమీ అనుకోవట్లేదు. ఏమీ అనుకోవట్లేదు.

తలుపు తెరుచుకుంది. ఆగు.

పాస్. పాస్. పాస్. ఖాలా మేడం మొహాన్ని రెండు చేతుల్లో పట్టుకుని మెటికలు విరిచింది, తస్బీ కింద పడిపోయింది, సాయిలన్న మూడేసి మెట్లు ఎక్కుకుంటూ వచ్చాడు. నేనేం చేశానో గుర్తులేదు, మోచెయ్యి గీసుకుపోయి ఉంది. మేడం ఇంకా మాట్లాడటం ఎక్కువే అని సార్ రాశాడట. రాసుకోనీ. మేడం ఏడుస్తూ నవ్వుతోంది, ఈసారి ఎందుకో నేను ఊహించాల్సిన పని లేదు. స్కూలుకు ఇప్పుడే ఫోన్ చేసింది. ఇంగ్లీషు తనదే. రేపటి నుంచే పొద్దున ఏడింటికి పెద్ద పిల్లలకు స్పెషల్ క్లాసు కూడా ఇచ్చారట.

పొద్దున ఏడింటికి.

అడిగాను, అయితే సోమవారం మా క్లాసుకు ఎలా వస్తారు మేడం అని. తను నా వైపు చూసింది. నేను నిజంగానే అడుగుతున్నానని అర్థం కావడానికి తనకు కొంచెం పట్టింది.

"రావాల్ననే ఉంది అంజన్," అంది. "కాని పిల్లలు చూస్తరు."

అవును, కానీ, కారణం. మస్తు చెప్పింది. అన్నీ వరసలో ఉన్నాయి. నేను కూడా వరసలోనే నవ్వాను.

మంచిదే కదా. పాసవ్వాలనే కదా ఇదంతా. పాసైతే ట్రైనింగ్ అయిపోతుంది, ట్రైనింగ్ అయిపోతే పోతారు, ఇందులో తెలియనిదేముంది. నాకు ముందే తెలుసు. సోమవారం నుంచి కొత్త బ్యాచ్ అట. నగేష్ సార్ అని ఒకాయన, ఇంతవరకు పెద్దవాళ్లకు చెప్పలేదట, చేతులు వణుకుతాయట. ఖాలాకు చెప్పాలి, మొదటిరోజే ఆయన్ని భయపెట్టొద్దని. సంతోషంగానే ఉంది. పాలు ఎలాగూ రోజూ పోస్తాను, గిన్నె ఎలాగూ తెస్తుంది. సంతోషంగానే ఉంది.

ఖాలా అందరినీ ఇప్పుడే ఇంటికి రమ్మంది, ఖుబానీ కా మీఠా చేసి పెట్టే వచ్చిందట. రాలేనని ఒక్కరు కూడా అనలేదు. మేడం ఆటోలో కూర్చుని జరిగి జాగా ఇచ్చింది, నా పేరు పెట్టి పిలుస్తోంది, సాయిలన్న హారన్ మీద చెయ్యి తియ్యట్లేదు, పోవాలి